రెండు గంటల బస్సు

పోయిన నెల మానుకోటలో ఒక కాలేజీవాళ్లు నన్ను మాట్లాడటానికి పిలిచారు. కాగితాల మీద ఆ ఊరు మహబూబాబాద్. మా నోటికి మాత్రం ఇప్పటికీ మానుకోటే. జనగామలో పొద్దున రైలెక్కి, కాజీపేటలో మారి, ఎండ ముదరకముందే చేరాను. రేకుల కప్పు హాలు, నాలుగు ఫ్యాన్లు, ముందు వరుసల నిండా ఆడపిల్లలు. చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి బస్సుల్లో వచ్చి చదువుకునేవాళ్లే. నా కథల గురించి, ఇన్నేళ్లుగా ఇతరుల కథలు దిద్దిన పని గురించి ఒక గంట చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి లేచింది. ప్రశ్నను ముందే నోట్‌బుక్‌లో రాసుకుని వచ్చింది. "ఇంటిపని, పిల్ల, రాసుడు, ఎడిటింగు, గివన్నీ ఎట్ల సంబాళించుకున్నరు మేడం?" అని అడిగింది. నేను నవ్వి, "మా ఇంట్లో అందరూ సహకరించారమ్మా" అన్నాను. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి ఆ మాటను నోట్‌బుక్‌లో రాసుకుంది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ వాక్యం నన్ను వదల్లేదు. ఎన్ని సభల్లో ఆ మాట అని ఉంటానో లెక్కలేదు. ఎవరి కథలోనైనా అలాంటి వాక్యం కనిపిస్తే ఎర్ర పెన్నుతో గీత గీసి, 'అందరూ అంటే ఎవరు? సహకరించడమంటే ఏం చేశారు?' అని పక్కన రాసే మనిషిని నేను. నా సొంత వాక్యాన్ని మాత్రం ఇన్నేళ్లూ దిద్దకుండానే వదిలేశాను. అందరూ అంటే మా ఇంట్లో ఒక్కరే. మా అత్తమ్మ నర్సమ్మ. ఆమె నాకోసం ఏం చేసిందో, నేను ఆమెకు ఏం చేశానో ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

అవి మేము భూపాలపల్లిలో కాపురమున్న రోజులు. మా ఆయన కొమురయ్య బొగ్గుబాయిలో దిగే పని చేసేవాడు. కార్మికుల క్వార్టర్లలో మాకు రెండు గదులు, ఒక వంటగది, వెనక గచ్చు వసారా ఇచ్చారు. అప్పట్లో అన్ని ఇళ్లల్లో బొగ్గు పొయ్యిలే. తెల్లవారకముందే ఆడవాళ్లంతా పొయ్యిలు బయటికి తెచ్చి అంటించేవాళ్లు. ఆ పొగ క్వార్టర్ల వరుసంతా కమ్ముకుని, పొద్దెక్కేదాకా కదిలేది కాదు. మా చీరలకు అదే వాసన, తలకు అదే వాసన, ఆరేసిన పిల్ల గౌన్లకు అదే వాసన. నేను జనగామకు పంపే కాగితాలకు కూడా పట్టేది. "మీ కవరు విప్పితే చాలు, మా ఇంట్లో కూడా పొయ్యి అంటుకున్నట్టుంటుంది" అని సారు ఒకసారి ఉత్తరంలో రాశారు.

సారు అంటే జనగామలో నాకు చదువు చెప్పిన మాస్టారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక తన ఇంటి ముందుగదిలోనే ఒక కథల మాసపత్రిక నడిపారు. నా పెళ్లికి ముందే నావి రెండు కథలు వేశారు. పెళ్లయి భూపాలపల్లికి పోయిన కొత్తల్లో ఇక నా రాత అయిపోయిందనుకుంటున్న సమయంలో ఒక కట్ట పంపారు. పత్రికకు వచ్చిన కథలు చదివి, పనికొచ్చేవి ఏరి, దిద్ది పంపమన్నారు. అలా మొదలైన పని నెల నెలా కొనసాగింది. నేను కథ రాయడం నేర్చుకున్నది ఆ కట్టల్లోనే. ఎవరో ఎక్కడో తడబడిన చోటును దిద్దుతుంటే నా కథలో అదే తడబాటు ఎక్కడుందో తెలిసొచ్చేది.

నా రాతకు సమయం నిర్ణయించినవి బాయి షిఫ్టులే. మొదటి షిఫ్టు వారంలో ఆయన చీకటితో వెళ్లి మధ్యాహ్నం వచ్చేవాడు. మధ్యలో నాకు రెండు గంటలు దొరికేవి. రెండో షిఫ్టు వారం ఏమీ సాగేది కాదు. పొద్దంతా ఆయన ఇంట్లోనే ఉండేవాడు, చూడవచ్చేవాళ్లు, చాయ్‌లు, ముచ్చట్లు. నైట్ షిఫ్ట్ వారం మాత్రం నాది. పొద్దున వచ్చి, స్నానం చేసి, ఇంత తిని పడుకుంటే మూడింటిదాకా లేచేవాడు కాదు. ఆయన నిద్ర చెడకూడదని ఇల్లంతా సైగలతో నడిచేది. అత్తమ్మ గచ్చు మీద గోనెసంచి పరిచి, గిన్నెలు చప్పుడు కాకుండా దాని మీద పెట్టేది. పక్కింటి కోడి మా వసారాలోకి వస్తే కొంగు విసిరి తోలేది గానీ నోరు విప్పేది కాదు. పిల్ల బడికి పోయేది. ఆ నిశ్శబ్దం ఆయన నిద్ర కోసం అత్తమ్మ కష్టపడి తయారు చేసింది. అందులో కూర్చుని నేను కథలు రాసుకున్నాను. నా మొదటి పుస్తకంలో కథలన్నీ నైట్ షిఫ్ట్ వారాల్లోనే పుట్టాయి.

అత్తమ్మది పెద్దవంగర. మామ చిన్న వయసులోనే పోతే, ఉన్న కొద్దిపాటి చెలకలో మిరప వేసి కొడుకును పెంచింది. నాకు పిల్ల పుట్టినప్పుడు చూసుకోవడానికి వచ్చి, ఇక తిరిగి పోలేదు. చేతుల నిండా పచ్చబొట్లు, నడుముకు ఎప్పుడూ దోపిన చిక్కం సంచి. అందులో వక్కలు, ఒక చిన్న అడకత్తెర ఉండేవి. చదువు రాదు. కానీ నా కాగితాలు తీసి పెట్టాల్సి వస్తే ముందు చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, రెండు చేతులతో పట్టుకునేది. నల్లా గంటసేపే వచ్చేది. ఆ నీళ్లు పట్టడం, పొయ్యి అంటించడం, జొన్న రొట్టెలు కొట్టడం, మసిబట్టిన బాయి బట్టలను సోడాలో నానబెట్టి బండకేసి బాదడం, పిల్లకు జడలు వేయడం, బియ్యం ఏరడం, కూరకు తరగడం అన్నీ ఆమె చేతుల మీదే సాగేవి. సాయంత్రం వంట, పిల్ల చదువు, బజారు పని నావి. ఈ పంపకం మేము మాట్లాడుకుని చేసుకున్నది కాదు. నేను బల్ల ముందు కూర్చున్న ప్రతిసారీ ఆమె ఒక పని తన వైపు జరుపుకుంది, అంతే.

మొగుళ్లపల్లి నుంచి వచ్చిన సరోజన మా పక్క క్వార్టర్‌లో ఉండేది. ఆమె ఒకరోజు వసారా గోడ మీద నుంచి తొంగిచూసి, "నీ కోడలు గంటలు గంటలు గదేం రాస్తదవ్వా?" అని అడిగింది. నేను లోపల నుంచి విన్నాను. అత్తమ్మ వక్క కత్తిరిస్తూ, "ఉత్తరాలు రాస్తది బిడ్డా. మస్తు చుట్టరికం ఆమెకు. అందరికీ జవాబు రాయాలె గదా" అంది. కోడలు పని వదిలి కథలు రాస్తుందంటే వరుసలో నలుగురూ నవ్వుతారని ఆమెకు తెలుసు. ఆ అబద్ధాన్ని చివరిదాకా నిలబెట్టింది.

ఆ రోజు కూడా నైట్ షిఫ్ట్ వారమే. సారు పత్రిక ప్రత్యేక సంచిక తెస్తున్నారు. ప్రూఫులు నా దగ్గరికి వచ్చాయి. దిద్దిన ప్రూఫులను మధ్యాహ్నం రెండు గంటల బస్సులో హన్మకొండకు పంపాలి. అక్కడ సారు మనిషి అందుకుని సాయంత్రానికి ప్రెస్సులో ఇస్తాడు. ఆ బస్సు తప్పితే సంచిక ఆగిపోతుంది. మిగతావాళ్ల కథలు పన్నెండుకే అయిపోయాయి. మిగిలింది నాదే, అప్పటిదాకా నేను రాసిన వాటిలో పెద్ద కథ. అందులో తప్పులు కూడా పెద్దగా లేవు. చివరి పేరా నాకు నచ్చలేదు. ప్రూఫు పక్కన ఖాళీలో దాన్ని మళ్లీ రాయడం మొదలుపెట్టాను. ఈ సంగతి దాచకుండా చెప్పాలి. ఆ గంట నేను కూర్చున్నది పత్రిక కోసం కాదు, నా పేరా కోసం.

అత్తమ్మ వసారాలో ఎండు మిరపకాయలకు తొడిమెలు తీస్తోంది. కొడుకు పక్కగదిలో నిద్రపోతున్నాడు. "శోభా" అని చిన్నగా పిలిచింది. "చెయ్యి తిమ్మిరెక్కింది బిడ్డా."

"జరసేపు అత్తమ్మా, అయిపోతది" అన్నాను. తల తిప్పలేదు.

కొంతసేపటికి మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి ఇంకా చిన్నగా. "నీళ్లియ్యి."

"తెస్తున్న" అన్నాను. తేలేదు. ఒక మాట దొరకక వెతుక్కుంటున్నాను. ఆ మాట దొరికింది. పేరా పూర్తయింది. గోడ గడియారం చూస్తే రెండుకు పది నిమిషాలుంది. కాగితాలు కవరులో పెట్టి, అంటించి, ముందు తలుపు నుంచి బయటపడి బస్టాండుకు పరుగెత్తాను. వసారా వెనక వైపు ఉంది. అటు వెళ్లనే లేదు.

కండక్టర్‌కు కవరు ఇచ్చి, బస్సు కదిలేదాకా నిలబడి, తేలికైన మనసుతో ఇంటికి వచ్చాను. నీళ్ల సంగతి గుమ్మంలో గుర్తొచ్చింది. చెంబు తీసుకుని వసారాలోకి వెళ్లేసరికి అత్తమ్మ గోడకు ఒరిగి ఉంది. మూతి ఒక పక్కకు పోయింది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఒడిలోని మిరపకాయలు గచ్చు మీదికి జారాయి. కళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. అవి నన్నే చూస్తున్నాయి. నేను వచ్చే తలుపు వైపే ఎంతసేపు చూసి ఉంటాయో. కొడుకు లేస్తాడని ఆమె కేక పెట్టలేదు. పిలిచే వీలున్నప్పుడు కూడా గట్టిగా పిలవలేదు.

నా అరుపుకు ఆయన లేచాడు. సరోజన ఉరికి పోయి జీపు తెచ్చింది. హన్మకొండ దవాఖానలో డాక్టరు నాడి చూస్తూ, "ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను, "ఇప్పుడే సార్, రెండున్నరకు" అన్నాను. డాక్టరు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. "తొందరగానే తెచ్చారు" అన్నాడు. అంతవరకు నేను కథల్లో ఎన్నో కల్పించాను గానీ, నా నోటి నుంచి వచ్చిన కల్పన ఒక మనిషి వైద్యం కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు.

ప్రాణం దక్కింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. క్వార్టర్‌కు తెచ్చాక సారుకు ఉత్తరం రాశాను, ఇక నాకు కట్టలు పంపవద్దని. కారణంగా అత్తమ్మ జబ్బు ఒక్కటే రాశాను. ప్రత్యేక సంచిక పోస్టులో వచ్చింది. నా కథ చివరి పేరా నేను దిద్దినట్టే అచ్చయింది. బాగుందని ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ పుస్తకాన్ని బీరువా పైన పెట్టేశాను. మళ్లీ తీయలేదు.

తర్వాత ఏడాదికి పైగా నా రోజులన్నీ ఆమె మంచం చుట్టే తిరిగాయి. పొద్దున్నే ఆమెకు ఒళ్లు తుడిచి, నూనె మర్దన చేసి, చారన్నం పిసికి ఎడమవైపు నుంచి నోట్లో పెట్టేదాన్ని. ఒకప్పుడు ఆమె చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా నా చేతికి వచ్చాయి. అప్పుడుగానీ అవి ఎన్ని ఉన్నాయో నాకు తెలియలేదు. మాట తిరిగి రావాలంటే ఆమె ముందు ఎడతెగకుండా మాట్లాడాలని, పేర్లు చెప్పించాలని దవాఖానలో చెప్పారు. చెంబు చూపించి చెంబు అనిపించేదాన్ని. పిల్ల బడి పుస్తకాలు చదివి వినిపించేదాన్ని. ఆమె గొంతులో ఏదో కదిలేది. 'బి' అనేది, 'నీ' అనేది. ప్రతి చిన్న శబ్దానికి మా ఆయన మొహం వెలిగిపోయేది. నేను మాత్రం రాబోయే మాట గురించి ఆలోచించేదాన్ని. మాట వస్తే ఆమె మొదట ఏం చెబుతుంది? 'రెండుసార్లు పిలిచిన, రాలే' అని కొడుకుతో అంటే? ఆమెకు మాట రావాలని ఒక పూట, రాకుంటే బాగుండని మరో పూట అనుకున్నాను. ఆ రెండో కోరిక గురించి ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది. పగలంతా ఆమె నోటికి మాట నేర్పిస్తూ, ఆ మాటకే భయపడుతూ ఏడాది గడిపాను.

చదవడానికి ఇంట్లో పుస్తకాలన్నీ అయిపోయాయి. ఆఖరికి బీరువాలో మిగిలిపోయిన పాత కట్ట ఒకటి తీశాను. పత్రికకు ఎవరో లెక్చరర్ పంపిన రైతు కథ. ఆ రోజు మా ఆయనకు సెలవు. మంచం పక్కన కూర్చుని తల్లి పాదాలకు నూనె రాస్తున్నాడు. నేను చదువుతున్నాను. కథలో తొలకరి వాన కురుస్తోంది, ఆడవాళ్లు పాటలు పాడుతూ చేలో పండు మిరపకాయలు ఏరుతున్నారు. అత్తమ్మ ఎడమచెయ్యి ఎత్తింది. నోరు తిప్పుకుని, బలమంతా పెట్టి, తెలిసేటట్టు ఒక మాట అంది.

"అబద్ధం."

ఏడాదిలో ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి నిండు మాట అది. మా ఆయన ఎగిరి లేచాడు. "అవ్వ మాట్లాడింది! ఇన్నవా శోభా, అవ్వ మాట్లాడింది! ఏంది అవ్వా? ఏంది అబద్ధం?" అంటూ తల్లి మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె నా వైపు చూసింది. నా చేతిలోని కాగితాలు కింద పడ్డాయి.

"నాదే అబద్ధం" అన్నాను. "ఆ దినం రెండున్నరకు కాలేదు. ఒంటిగంటకే చెయ్యి తిమ్మిరన్నది. నీళ్లడిగింది. నేను లేవలే. కథ దిద్దుకుంట కూసున్న. కవరు బస్సులిచ్చి వచ్చినంక చూసిన."

ఆయన తల్లి మొహం మీద నుంచి చేతులు తీశాడు. చేతికున్న నూనెను తువ్వాలకు తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండు అనుకున్నాను.

"ఆ దినం పొద్దున్నే నాకు చాయ్ ఇయ్యబోతే గిలాస జారింది ఆమె చేతిలకెల్లి" అన్నాడు చివరికి. "మూతి గుడ జర వంకరైనట్టు కండ్లవడ్డది. అవ్వా, మంచిగనే ఉన్నవా అన్న. ఉన్న అన్నది. నాకు నిద్ర ఆగుతలేదు. పోయి పన్న. దవాఖానల గా మాట చెప్తే నీ ముంగట, అందరి ముంగట ఏమైతనో అని చెప్పలే."

ఇద్దరం మంచానికి చెరో పక్క నిలబడి ఉన్నాం. ఏడాది పాటు ఒకే ఇంట్లో, ఒకే మనిషికి అన్నం పెడుతూ, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నది అదీ. ఆయన నిద్ర, నా రాత రెండూ ఆ ముసలామె చేతుల మీద నడిచాయి. ఆ చేతుల్లో ఒకటి చచ్చుబడిన రోజు ఇద్దరం చూసి కూడా చూడలేదు.

అత్తమ్మ మా ఇద్దరి మాటలూ విన్నది. తర్వాత ఎడమచేతి వేలితో కిందపడ్డ కాగితాలను చూపించింది. "మిరప" అంది కష్టపడి. "వాన... ల... ఏరుతరా?" అప్పుడర్థమైంది. ఆమె అబద్ధమన్నది నన్ను కాదు, కథను. చలి తగ్గే రోజుల్లో ఏరే కాయను తొలకరి వానలో ఏరించిన ఆ లెక్చరర్‌ను. నేను అడగని దానికి జవాబు చెప్పుకున్నాను.

కానీ చెప్పిన మాట ఇక వెనక్కి పోదు. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ పూట మా చేతి అన్నం తినలేదు. మర్నాడు కూడా తినలేదు. సరోజన వచ్చి, ఆమె ఎందుకు తినడం లేదో అడక్కుండానే గిన్నె తీసుకుని నాలుగు ముద్దలు పెట్టి పోయింది. మూడో రోజు నేను గిన్నె తీసుకుని కూర్చుంటే నోరు తెరిచింది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు. అలా ఎన్ని రోజులో గుర్తులేదు. ఆమె నన్ను ఓదారుస్తుందని నేను ఎదురుచూడటం కూడా ఒక స్వార్థమేనని ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను.

మా ఆయనలో మార్పు అక్కడ మొదలైంది. ఏమీ ప్రకటించలేదు. ఒకరోజు పొయ్యి తనే బయటికి తీసుకుపోయి అంటించాడు. వరుసలో ఆడవాళ్ల మధ్య మగవాడు ఒక్కడే కూర్చుని విసనకర్రతో విసురుతుంటే అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. తర్వాత పప్పు నేర్చుకున్నాడు, పిల్లకు జడ వేయడం నేర్చుకున్నాడు. ఆ జడలు బడికి చేరేలోపే ఊడిపోయేవి. కథలు మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది అత్తమ్మ కోసమే. బడి పుస్తకాలకు ఆమె కళ్లు మూసుకునేది. పత్రిక కథలకు మాత్రం తెరిచేది. తప్పు దొరికితే చెయ్యి ఎత్తేది. దాంతో సారుకు మళ్లీ ఉత్తరం రాశాను. ఆయన కారణం అడగకుండా కట్ట పంపారు.

ఈసారి బల్లను వసారాలోకి మార్చాను. ఆమె మంచం పక్కనే వేసుకున్నాను. ఆమె ఎడమచేతి దగ్గర ఒక స్టీలు పళ్లెం, చెంచా పెట్టాను. పళ్లెం మోగితే, రాస్తున్న మాట సగంలో ఉన్నా సరే, పెన్ను మూత పెట్టి లేవాలని నాకు నేను నియమం పెట్టుకున్నాను. ఆమె నన్ను పరీక్షించింది కూడా. మోగించేది. లేచి వెళ్లి, "ఏం కావాలె అత్తమ్మా?" అంటే, "ఏం లే" అనేది. పది నిమిషాలకు మళ్లీ మోగించేది. "ఏం లే." ఒక మధ్యాహ్నం ఏడుసార్లు లేచాను. ఎనిమిదోసారి లేచినప్పుడు ఆమె మూతి ఒక పక్కకు వంగి నవ్వినట్టనిపించింది. అది నవ్వో, వంకరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాలంలో నేను రాసిన కథల్లో వాక్యాలు పొట్టివి. నా శైలి మారిందని, బిగువు వచ్చిందని విమర్శకులు రాశారు. ఒక వాక్యం పూర్తయ్యేలోపు పళ్లెం మోగుతుందేమోనని అలా రాశానని ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు జనగామలో మాకు సొంత ఇల్లుంది. నాకు తలుపున్న గది ఉంది. కథలు ఫోన్‌లోకి వస్తాయి, తెర మీదే దిద్ది తెర మీదే పంపుతాను. ఏ కవరూ, ఏ కండక్టరూ అక్కర్లేదు. మా ఆయన రిటైరయ్యాడు, పొద్దున్నే లేచి ఉప్మా చేసి పిలుస్తాడు. ఇంత సౌకర్యం ఉంది, ఇంత సమయం ఉంది. అయినా ఆ వసారాలో ఏడాదికి రాసినంత ఇప్పుడు మూడేళ్లకు రాయలేకపోతున్నాను. అప్పటి ఇరుకే నన్ను రచయితను చేసిందని కొందరు అంటారు, వినడానికి బాగుంటుంది. నేను ఒప్పుకోను. ఆ ఇరుకుకు ఒక మనిషి కుడిచెయ్యి పోయింది. ఏ కథకూ అంత విలువ లేదు. గది తలుపును మాత్రం మూసుకుని రాయలేను. మా ఆయన బజారుకు పోయి, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా సరే, తెరిచే ఉంచుతాను.

అత్తమ్మ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఒక వానాకాలం పొద్దున, చాయ్ తాగి, నిద్రలో వెళ్లిపోయింది. అంతకు ముందటి ఏడు ఆమె కోరిక మీద నర్సింహులపేటలో ఉన్న చెల్లెలి ఇంటికి తీసుకుపోయాం. అప్పటికి ఆమె మాటలు ఒకటీ రెండుగా బాగానే వస్తున్నాయి, కర్ర పట్టుకుని, ఒకరు ఆసరా ఇస్తే పది అడుగులు వేసేది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే మంచంలో కూర్చుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. చెల్లెలు నన్ను ఎగాదిగా చూసి, నేను వింటుండగానే, "కోడలు మంచిగ చూసుకుంటదా అక్కా?" అని అడిగింది. నేను తల వంచుకున్నాను. అత్తమ్మ, "మంచిగ" అంది.

తిరిగి వస్తుంటే జీపులో వెనక సీట్లో మేమిద్దరమే. ముందు మా ఆయన డ్రైవర్‌తో వానల గురించి మాట్లాడుతున్నాడు. నేను ఆమె వైపు వంగి, "మీ చెల్లెకు చెప్పకపోతివి అత్తమ్మా, ఆనాటిది" అన్నాను.

"మనింటి మాట" అంది.

ఆ ఒక్క మాటకే నేను ఇన్నేళ్లూ ఈ సంగతి రాయలేదు. ఈరోజు దాన్ని దాటాను. తప్పో ఒప్పో ఆమెను అడగడానికి లేదు.

కొంచెం దూరం పోయాక, అడగాల్సింది అడిగాను. "నా మీద కోపం పోయిందా అత్తమ్మా?"

ఆమె కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసింది. జీపు ఒక వంతెన దాటింది, ఒక ఊరు దాటింది.

"పోలే" అంది.

ఇన్నేళ్లలో ఆమె నాతో చెప్పిన మాటలన్నిటిలో నేను సందేహం లేకుండా నమ్మింది అదే. క్వార్టర్ ముందు జీపు ఆగింది. మా ఆయన తాళం తీయడానికి ముందు వెళ్లాడు. ఆమె ఎడమచెయ్యి నా వైపు చాచి, "పట్టు, దిగుత" అంది. నేను పట్టుకున్నాను.